ప్రేమగా బిగించిన బండి

ఈస్టరు పండగకి ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నది మీది ఇనుప వంతెనకి సరిగ్గా నడిమధ్యన, కాజ్ డూడెక్ కొత్త ట్రక్కు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

వెనక తొట్టిలో మంచుగడ్డల మధ్య చేపల పెట్టెలున్నాయి. సాయంత్రం చర్చి కింది హాల్లో ఊరంతా వేపుడు చేపల కోసం బల్లల ముందు కూర్చుంటుంది. తపస్సు కాలపు శుక్రవారాల్లో మాంసం ముట్టని ఊరు అది. ముట్టేవాళ్లు కూడా ఆ చేపల రుచికి ముట్టనివాళ్లలో చేరిపోతారు.

కాజ్ శిలువ గుర్తు వేసుకుని తాళం తిప్పాడు. బండి మూలిగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి మూలిగే ఓపిక కూడా లేనట్టు ఊరుకుంది. దిగి ముందు మూత ఎత్తి నిలబడ్డాడు. మూత ఎత్తితే వచ్చే లాభం ఏమీ లేదని అతనికి తెలుసు. కానీ ఆగిపోయిన బండి పక్కన మగవాడు మూత ఎత్తకుండా నిలబడితే ఊరుకునే ఊరు కాదది.

వెనకనించి హారన్లు మొదలయ్యాయి. పక్కనించి దాటుతున్న ఒకాయన కిటికీ అద్దం దించాడు. కాజ్ కోటు వీపు మీద పెద్ద అక్షరాలతో ఉన్న 'బ్రాడాక్ ట్రక్కులు' అన్న పేరు చదివాడు.

"మీరు చేసిందేగా పెద్దాయనా! మీరే తోసుకోండి!" అని అరిచి వెళ్లిపోయాడు.

ఆ మాట నిజమే. బ్రాడాక్ ఫ్యాక్టరీలో ట్రక్కుల తొట్టికి వెనక తలుపులు బిగించడంలోనే అతని జుట్టు నెరిసింది.

అంతలో ఆ ఊళ్లో ఎవరూ చూడకూడదని అతను కోరుకునే సహాయం రానే వచ్చింది. చర్చి ఫాదర్ లూసియన్ గారి చిన్న జపాను కారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తిని ఒళ్లంతా తుప్పు, ఒక తలుపు ఒక రంగు, ఇంకో తలుపు ఇంకో రంగు. మిషిగన్ చలికాలాలు ఎన్ని చూసిందో దానికే తెలియదు. ఒక్కరోజు కూడా ఆగిన పాపాన పోలేదు. ట్రక్కుల ఫ్యాక్టరీ ఊరికి జపాను కారు వేసుకొచ్చిన ఫాదర్‌ని జనం క్షమించారు గానీ, కారుని క్షమించలేదు. పాపం ఆయన దాన్ని పూజకి వచ్చేవాళ్ల కంటబడకుండా తన ఇంటి వెనకాల దాచేవారు.

"తాడుందా కాజ్?" అన్నారు ఫాదర్ దిగి.

"మీరు వెళ్లండి ఫాదర్. కాసేపట్లో అదే లేస్తుంది. దీని జబ్బే అంత."

"అది లేస్తుంది సరే. చేపలు కుళ్లవూ?"

చేసేది లేక కాజ్ తాడు తీశాడు. "ఫాదర్, మిల్లు వీధిలోంచి వెళ్దామా?"

"అటు మీ ఫ్యాక్టరీ గేటు కదా. ఇప్పుడే షిఫ్టు వదులుతారు."

"అమ్మో! అయితే ఏటి గట్టు మీదుగా."

"అక్కడ మీ యూనియన్ ఆఫీసు."

కాజ్ ఆలోచించాడు. అక్కడ గోడ మీద 'విదేశీ కార్లు ఇక్కడ ఆపరాదు' అని మనిషెత్తు బోర్డు రాసినవాళ్లలో తనూ ఒకడు.

"మిల్లు వీధే పోనివ్వండి," అన్నాడు నీరసంగా. తన సీట్లో కూర్చుని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

గేటు ముందు షిఫ్టు దిగిన జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఉన్నారు. చిట్టి జపాను కారు బుసలు కొడుతూ ముందు, ఏనుగంత బ్రాడాక్ ట్రక్కు తాడుకి వేలాడుతూ వెనక. ఎవరూ కేకలు వెయ్యలేదు. అదే ఘోరంగా ఉంది. ఒక్కొక్కరే టోపీలు తీశారు.

చర్చి దగ్గర తాడు విప్పాక కాజ్ ఊరికే తాళం తిప్పాడు. బండి పెళ్లికొడుకులా చక్కగా లేచింది.

దాని జబ్బు మొదటినుంచీ అదే. ఊరు దాటి కొంత దూరం వెళ్లేసరికి ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోతుంది. కాసేపు పడుకుంటే లేస్తుంది. కొన్న చోటికి తీసుకెళితే అక్కడ అన్నీ సరిగ్గా నడుస్తాయి. అక్కడివాళ్లు మంచివాళ్లే. మర్యాదకి ముందు పెట్రోలు పోసి, తర్వాత నడిపి చూసేవాళ్లు. "లోపం ఏమీ లేదండీ" అని తాళాలు చేతికిచ్చేవాళ్లు. అలా నాలుగుసార్లు జరిగింది. కొత్త బండి ఒకే జబ్బుతో అన్నిసార్లు వెనక్కి వస్తే, కంపెనీయే దాన్ని తీసుకుని ఇంకో బండి ఇవ్వాలని ఆ రాష్ట్రంలో చట్టం. కాజ్ భార్య ఐరీన్ ఆ చట్టం సంగతి కనుక్కుంది. సోమవారం పొద్దున బండి వెనక్కి తీసుకునేట్టు కొన్న చోటివాళ్ల దగ్గర మాట కూడా తీసుకుంది.

"నీ చేత్తో చేసిందని మమకారం పెట్టుకోకు కాజ్. మొన్న అమ్మాయి వాళ్లింటికి వెళ్తూ మంచులో గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో నేను జపమాల మూడుసార్లు పూర్తి చేశాను. ఇక నావల్ల కాదు," అంది.

ఐరీన్‌కి తెలుసు, కాజ్‌కి ఆ బండి వట్టి బండి కాదని. ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. బండ్లు ఒకదాని వెనక ఒకటి కదులుతూ తయారయ్యే లైను మీద పనిచేసేవాళ్లెవరైనా తమకోసం ట్రక్కు చేయించుకుంటే, అది ఫలానావాళ్లదని అందరికీ చెబుతారు. కాజ్ ఇంకో అడుగు ముందుకేసి, చట్రం మీద ప్రయాణికుల్ని కాపాడే పునీత క్రిస్టఫర్ బొమ్మ అంటించి పంపాడు. ఆ బొమ్మ లైను పొడుగునా వెళుతుంటే, "కాజ్ బండి వస్తోంది! కాజ్ బండి!" అని కేకలు. రిటైరయ్యేలోగా అతను కొనుక్కోగలిగే చివరి కొత్త బండి అది. బ్రాడాక్ బండ్లకి అప్పటికే గిరాకీ పడిపోయి, ఒక షిఫ్టు తీసేశారు. జనం జపాను బండ్లు కొంటున్నారని, మన బండ్లలో పనితనం లేదంటున్నారని రోజూ పేపర్లలో రాస్తున్నారు. ఈ బండి చూడండిరా అని ఊరందరికీ చూపించాలని కాజ్ ఆశ. అందుకే స్నేహితులు "బండెలా ఉంది?" అంటే ఇన్నాళ్లూ "బంగారం!" అంటూ వచ్చాడు.

ఆ సాయంత్రం ఇక ఆ మాట చెల్లలేదు.

"ఏమయ్యా కాజ్, జపాను వాళ్లు నిన్ను తాడు కట్టి లాక్కుపోయారట?" అంది డోలరెస్, చేపల పళ్లెం బల్ల మీద పెడుతూ. లైను మీద సీట్లు బిగించేది ఆవిడే.

"నేను చూశాను," అన్నాడు లెరాయ్ గేన్స్. పెట్రోలు ట్యాంకుల మూతలు అతని పని. అతను బాప్టిస్టు. పాటలకి తమ చర్చికీ, చేపలకి ఈ చర్చికీ వస్తానంటాడు. "శవయాత్ర అనుకుని టోపీ తీశాను. పెట్టెలో ఎవరా అని చూస్తే నువ్వు!"

మూడోవాడు బ్రూనో జవాకి నవ్వలేదు. అతను చట్రానికి ట్యాంకు, దాని గొట్టాలు బిగిస్తాడు. కాజ్ కూతురికి జ్ఞానస్నానం నాడు తండ్రి స్థానంలో నిలబడ్డ జ్ఞానతండ్రి. బండి ఆగిందన్న మాట వినగానే సొంత బిడ్డకి జ్వరమొచ్చినట్టు ముఖం పెట్టాడు.

"సోమవారం వెనక్కి ఇచ్చేస్తున్నా," అన్నాడు కాజ్ పళ్లెంలోకి చూస్తూ.

బ్రూనో పళ్లెం పక్కకి తోశాడు.

"ఇచ్చేస్తావా?" అన్నాడు బ్రూనో. "ఆ బండినా? ఒరేయ్, ఆ బండికి మేం ఏం చేశామో తెలుసా నీకు?"

"మీరంతా బాగానే చేశార్రా. ఎక్కడో ఏదో..."

"బాగా చెయ్యడం కాదు! బాగా అందరికీ చేస్తాం. డోలరెస్, చెప్పు వీడికి."

డోలరెస్ సిగ్గుపడుతున్నట్టు నటించింది. "చెప్పుకోకూడదనుకున్నా. నీ నడుంనొప్పి సంగతి తెలుసు కదా. నీ సీట్లో స్పాంజి రెండు పొరలు వేశాను."

"అందుకేనా నా తల కప్పుకి తగులుతోంది! ఈ వయసులో పొడుగెదుగుతున్నానేమో అనుకుని ఐరీన్‌కి కూడా చెప్పలేదు."

"రెండో పొర ఎక్కడిదమ్మా?" అన్నాడు లెరాయ్.

"వెనకాల వస్తున్న బండిది. ఇంకెక్కడినుంచి వస్తుంది?"

"అంటే ఒహాయోలో ఎవడో చెక్క మీద కూర్చుని తోలుతున్నాడన్నమాట."

"వాడెవడో నాకు తెలీదుగా," అంది డోలరెస్. ఆ మాట అన్నాక తన మాట తనకే ఎలాగో అనిపించి, ఆవాల ముద్ద సీసా వెతకడం మొదలుపెట్టింది.

"నేను నీ ట్యాంకు మూతకి రబ్బరు చుట్ట ఇంకొకటి వేశాను," అన్నాడు లెరాయ్. "అంతేనా? మూత మధ్యలో సన్నటి బెజ్జం ఉంటుంది చూడు, మంచు కరిగి అందులోంచి దిగుతుందేమోనని దాన్ని జిగురుతో మూసేశాను. సముద్రంలో ముంచినా చుక్క నీరు పోదు."

"నువ్వు పైన చేశావు. నేను కింద చేశాను," అన్నాడు బ్రూనో. అతని కళ్లు మెరుస్తున్నాయి. "ట్యాంకు మీదనించి సన్న గొట్టం ఒకటి చట్రం పక్కకి వస్తుంది. దాని మూతి తెరిచే ఉంటుంది. మన రోడ్ల మీద ఉప్పు ఎలా చల్లుతారో తెలుసుగా. ఆ ఉప్పునీళ్లు అందులోకి ఎగిరితే ట్యాంకు లోపల్నించి తుప్పు పడుతుంది. అందరి బండ్లకీ పట్టనీ, కాజ్ బండికి పట్టకూడదు అనుకున్నా. గట్టి స్పాంజి ముక్క కుక్కి, పైన తారు పూశాను. వేలితో పూశాన్రా, నా వేలితో!"

అదే సమయానికి ఐరీన్ కాఫీ కెటిల్, చిక్కపాల డబ్బా పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది. బల్ల మీద డబ్బా పెట్టి కత్తిమొనతో ఒక చిల్లు పొడిచింది. వంచింది. ఒక్క బొట్టు రాలి ఆగిపోయింది. అవతలివైపు రెండో చిల్లు పొడిచింది. పాలు ధారగా పడ్డాయి.

ఆవిడ రోజూ చేసే పనే. కానీ ఎవరూ కప్పులు చాపలేదు. ముగ్గురు మగవాళ్లూ డబ్బా కేసి చూస్తున్నారు.

"ఏమిటి, ఈగ పడిందా?" అంది ఐరీన్.

"రెండోది ఎందుకు పొడిచావు?" అన్నాడు కాజ్ మెల్లగా.

"అదేం ప్రశ్న? గాలి పోవడానికి. లోపలికి గాలి పోకపోతే పాలెలా వస్తాయి?"

లెరాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను నోరు మూశాను," అన్నాడు.

"నేను ముక్కు మూశాను," అన్నాడు బ్రూనో.

"నా బండిని ఊపిరాడకుండా చంపార్రా మీ ఇద్దరూ!" అన్నాడు కాజ్. పెట్రోలు పొయ్యడానికి మూత తీసినప్పుడల్లా బండి ఎందుకు బాగుపడేదో, కొన్న చోట దాని జబ్బు ఎందుకు కనిపించేది కాదో అతనికి అప్పుడు అర్థమైంది. నవ్వు వచ్చింది. డోలరెస్‌కి నవ్వు ఆగలేదు. బల్లని పట్టుకుని ఊగిపోయింది. ఏం జరిగిందో తెలియకుండానే పక్క బల్లవాళ్లు కూడా నవ్వారు.

బ్రూనో మాత్రం నవ్వలేదు. అతని ముఖం తెల్లబడిపోయింది.

"కాజ్, వెనక్కి వచ్చిన బండ్లని ఇప్పుడు ఏం చేస్తున్నారు?"

నవ్వు తగ్గిపోయింది. అందరికీ తెలిసిన సంగతే. పేరు పోయిందని భయపడ్డ కంపెనీ, పై ఆఫీసునించి మనుషుల్ని దింపింది. వెనక్కి వచ్చిన ప్రతి బండినీ లైను పక్కనే ఒక్క బోల్టూ వదలకుండా విప్పిస్తున్నారు. ప్లానులో లేనిది కనబడితే, అది ఎవరు బిగించే చోటో చూసి, ఆ మనిషిని పిలుస్తున్నారు. పిలిచినవాడు మళ్లీ లైను మీదికి రావడం లేదు. లెరాయ్ వేసిన జిగురు గోకితే పోతుంది. బ్రూనో తారు మీద అతని వేలిముద్రలే ఉన్నాయి. పింఛనుకి అతనికి ఇంకో ఏడాది ఉంది.

"తప్పు చేశానా నేను?" అన్నాడు బ్రూనో. ఎవరిని అడిగాడో తెలియలేదు. ఫాదర్ లూసియన్ అప్పుడే పళ్లెం పట్టుకుని వచ్చారు కాబట్టి అందరూ ఆయన వైపు చూశారు. ఆయనకి సంగతంతా చెప్పారు.

"ప్రేమతో చేశావు," అన్నారు ఫాదర్.

"అది మాకూ తెలుసు ఫాదర్. పాపమా, కాదా అని."

ఫాదర్ ఒక చేప ముక్క తిన్నారు. ఇంకో ముక్క తిన్నారు. "సీట్లో పొర పోయిన ఆ వెనక బండివాడిని అడగాలి," అన్నారు చివరికి.

ఆ మాట కాజ్‌కి నచ్చలేదు. నచ్చలేదు గానీ ఆ రాత్రంతా వదల్లేదు.

మర్నాడు పొద్దున బ్రూనో షెడ్డులో అందరూ కలిశారు. ముందు ట్యాంకు మూత తిప్పారు. లెరాయ్, కాజ్ ఇద్దరూ పట్టుకుంటే గానీ కదల్లేదు. కదిలాక ఉస్సుమని లోపలికి గాలి పీల్చుకుంది, ఎన్నాళ్లుగానో ఊపిరి బిగబట్టినట్టు. బ్రూనో కిందికి దూరి తను పూసిన తారుని తనే గీకాడు. గీకుతుంటే కిందనించి ముక్కు చీదుతున్న చప్పుడు వినబడింది. చలి కదా అని అందరూ అనుకున్నారు. డోలరెస్ స్పాంజి పొర ఒకటి పీకింది. కాజ్ కూర్చుని చూశాడు. కప్పుకీ తలకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి.

"వెనక తలుపు తెరువు, ఈ చెత్త అందులో పడేద్దాం," అంది డోలరెస్.

"ఆ తలుపు తెరుచుకోదు," అన్నాడు కాజ్.

"ఎందుకు?"

కాజ్ టోపీ సర్దుకున్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. వెనక తలుపులు బిగించేది ఎవరో ఆ షెడ్డులో తెలియనివాళ్లు లేరు.

"అంటే నిన్న చేపల పెట్టెలన్నీ తొట్టి పక్క గోడ మీదనించి ఎత్తి దించావా?" అన్నాడు లెరాయ్.

"కొన్నప్పటినించీ అంతే."

"నీ బండికి నువ్వే..."

"ఒక్క చుట్టు ఎక్కువ తిప్పాను. సరే, రెండు చుట్లు. నవ్వండి, నవ్వండి."

నవ్వారు. బ్రూనో బండి కిందనించే నవ్వాడు. ఆ పొద్దున అతను నవ్వడం అదే మొదలు.

అన్నీ విప్పి, మామూలుగా బిగించాక కాజ్ బండిని ఊరు దాటి సరస్సు దాకా తోలుకెళ్లి తిరిగొచ్చాడు. ఎక్కడా దగ్గలేదు. అన్ని బ్రాడాక్ బండ్లలాగే కొంచెం గలగలలాడింది.

"అయితే ఇంక బాధ లేదు," అంది డోలరెస్. "ఇందులో ఇప్పుడు ఏ గుర్తూ లేదు. సోమవారం ఇచ్చేసి కొత్తది తెచ్చుకో. బ్రూనోకీ ఇబ్బంది లేదు."

మాట బాగానే ఉంది. బ్రూనో కూడా ఆశగా చూశాడు. కాజ్ ఐరీన్ వైపు చూశాడు. కొత్త బండి కావాలన్నది ఆవిడే. మంచులో కూర్చున్నదీ ఆవిడే.

ఐరీన్ చేతులు తుడుచుకుంది. "బాగున్న బండిని జబ్బుదని చెప్పి ఇవ్వాలి. చెప్తావా?"

"చెప్పలేను."

"ఏం జబ్బో నిజం చెప్పి ఇవ్వగలవా?"

కాజ్ బ్రూనో వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

"మరింకేం. ఈ గలగలే మనకి," అంది ఐరీన్. ఆవిడ ముఖం సంతోషంగా ఏమీ లేదు.

ఆదివారం పూజలో కాజ్ మోకరించి దేవుణ్ణి నెమ్మదిగానే అడిగాడు. ప్రభూ, స్నేహితుడి బండైతే రెండు పొరలు వేశాం. తెలియనివాడి బండైతే ఒక పొర లాగేశాం. రెండూ చెడిపోయాయి. ఇద్దరికీ ఒక్క పొర చొప్పున వెయ్యడం ఎందుకింత కష్టం మాకు? వెనక వరసలో ఎవరో దగ్గారు. కాజ్ ఉలిక్కిపడ్డాడు, బండేమోనని.

సోమవారం పొద్దున ఇద్దరూ బండి కొన్న చోటికి వెళ్లారు. సర్వీసు మేనేజరు ట్రెంట్ తాళాల కోసం చెయ్యి చాపాడు. వెనకాల కుర్చీల్లో బండ్ల కోసం వచ్చినవాళ్లు కాఫీలు తాగుతున్నారు.

"ఇవ్వడం లేదండీ," అన్నాడు కాజ్. "ఉంచుకుంటున్నాం."

"అదేమిటి! నాలుగుసార్లు వచ్చారు కదా. లోపం ఏమిటో తెలిసిందా?"

అబద్ధం చెప్పకుండా, నిజం బయటపెట్టకుండా ఏం చెప్పాలో కాజ్ ఇంటిదగ్గర చాలాసేపు ఆలోచించుకుని వచ్చాడు. ఇప్పుడు అదంతా మర్చిపోయాడు.

"దానికి తక్కువైందేమీ లేదండీ," అన్నాడు.

"నేను మొదటినుంచీ చెబుతున్నది అదే కదా!" ట్రెంట్ గొంతు పెద్దదైంది. కాఫీ తాగేవాళ్లు తలలు తిప్పారు. "మా వాళ్లు నాలుగుసార్లు చూశారు. బండిలో ఏమీ లేదన్నారు. అంటే లోపం ఎక్కడున్నట్టు?"

"మీరే చెప్పాలండీ," అన్నాడు కాజ్.

"తోలే మనిషిలో ఉన్నట్టు."

ఐరీన్ నోరు తెరవబోయింది. కాజ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నేను ఈ బండ్లు తయారుచేసేవాణ్ణయ్యా అనే మాట అతని పళ్ల వెనక దాకా వచ్చింది. అక్కడే ఉంచేశాడు.

ట్రెంట్ మంచివాడే. గెలిచాక జాలి కూడా కలిగింది. "పెద్దవాళ్లలో చాలామందికి ఇది వస్తుందండీ, తప్పేం లేదు. రండి, నేను చూపిస్తాను," అని కాజ్‌ని బండి దగ్గరికి తీసుకెళ్లాడు. కాఫీలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు వెనకాలే వచ్చారు.

"ముందు సరిగ్గా కూర్చోండి. కుడికాలు బ్రేకు మీద. ఆఁ, అలా. గట్టిగా తొక్కకూడదు. ఇప్పుడు తాళం. తొందరపడి తిప్పెయ్యకూడదు. బండికి కూడా మనసుంటుంది అనుకోండి. మెల్లగా... మెల్లగా..."

కాజ్ మెల్లగా తిప్పాడు. బండి లేచింది. గలగలలాడింది.

"చూశారా!" అన్నాడు ట్రెంట్.

"చూశానండీ," అన్నాడు కాజ్. "చాలా బాగా చెప్పారు."